మొక్కజొన్న చేలో దొరికిన ఇంజిన్

మార్లీన్ కుచెరా నెబ్రాస్కాలో ఒక చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడుపుతుంది. యాభై దాటిన మనిషి. వేసవి సెలవులు మొదలవగానే వేలానికి వెళ్లి, ఎవరితోనూ చెప్పకుండా 1973 నాటి ప్లిమత్ డస్టర్ కారు కొనుక్కొచ్చింది. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, రెండే తలుపులు. ఆమె పడుచుతనంలో ఆ ఊరి కుర్రకారు రోడ్లు అరగదీసింది ఇలాంటి బళ్లతోనే. ఆ కాలం నాటివే ముస్టాంగ్, కమారో కార్ల ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఇది మాత్రం కారుచౌకగా వచ్చింది. ఎందుకో బానెట్ ఎత్తితే తెలుస్తుంది: లోపల ఇంజిన్ లేదు.

ట్రైలర్ మీంచి దిగుతున్న దాన్ని చూసి ఆమె మొగుడు ఎమిల్ ముక్కు మీద వేలేసుకున్నాడు. అతనిది మాంసం కొట్టు.

"ఇది కారా, ఎలుకల సత్రమా?"

"రెండూను. ముందు వాటిని ఖాళీ చేయిస్తా. నువ్వు పక్కకి జరుగు."

ఆమె సీట్లలోని గూళ్లు పీకేసింది. తుప్పు తిన్న కారు అడుగురేకు కోసి కొత్తది అతికింది. వెల్డింగ్ వాళ్ల నాన్న నేర్పిన విద్య. ఎమిల్ వంకలు పెడుతూనే కొట్టు మూసొచ్చి, ఉప్పుకాగితంతో తలుపులు రుద్దేవాడు. అంతా అయింది కానీ సరిపోయే ఇంజిన్ మాత్రం ఎక్కడా దొరకలేదు.

జూలైలో ఒక ఉదయం ఆమె ముసలి ఆర్విల్ స్టాంగల్ పొలం పక్కగా వెళుతుంటే మొక్కజొన్న లోంచి గుడగుడమని చప్పుడు వినిపించింది. బండి ఆపి, ఆకులు ముఖానికి గీసుకుంటున్నా లెక్కచేయక చేలోకి దూరింది. నీళ్ల పంపుకి బిగించి ఉంది ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. తన కారు కంపెనీదే, దానికి సరిపోయే సైజే!

"ఏమ్మా, నా చేలో ఏం పోగొట్టుకున్నావ్?" అంటూ ఆర్విల్ వచ్చాడు.

"పోలేదు ఆర్విల్ గారూ, దొరికింది. ఈ ఇంజిన్ నాకు అమ్మండి."

"అమ్మేసి పైరుకి ఉమ్మి పొయ్యమంటావా? కరెంటు మోటారు పెట్టేవాడు కోతలయ్యాక గానీ రాడు. ఈలోగా మంచి వాన పడితే చూద్దాంలే."

ఆకాశం చూస్తే ఇత్తడి పళ్లెంలా మెరుస్తోంది. ఆమె అక్కడితో వదల్లేదు. పళ్ల గుజ్జు పెట్టి కాల్చిన కొలాచీ బన్నులు పట్టుకుని తరచూ పొలానికి వెళ్లేది. వెళ్లినప్పుడల్లా ఇంజిన్ తుడిచేది, ఆయిల్ మార్చేది.

"పెళ్లి కుదరకుండానే పిల్లకి నలుగు పెడుతున్నావే!" అని ఆర్విల్ కొలాచీ నములుతూ నవ్వేవాడు.

ఆగస్టులో వాన దిగింది. ఉరుములూ మెరుపులూ లేవు, నేల నానేదాకా వదలని ముసురు. ఫోను మోగింది.

"చేను తాగి తాగి తేనుస్తోందమ్మా. ఇక దానికి పంపుతో పనిలేదు. వచ్చి పట్టుకుపో. ఎండొస్తే నా మనసు మారిపోతుంది!"

ఆ వానలోనే మొగుడూ పెళ్లాం పరిగెత్తారు. ట్రాక్టర్‌కి గొలుసు కట్టి ఇంజిన్ పైకి లేపుతుంటే ఎమిల్ బురదలో వెల్లకిలా పడ్డాడు. లేపడం, లేవడం మానేసి ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఇంజిన్ ఇన్నాళ్లూ గ్యాస్ మీద నడిచింది కాబట్టి లోపల మసి లేదు. పెట్రోలుకి తగ్గ కార్బురేటర్ బిగించి, దాన్ని కారులో కూర్చోబెట్టి, మార్లీన్ తాళం తిప్పింది. ఇంజిన్ మొదట మూలిగింది. తర్వాత దగ్గింది. ఆపైన షెడ్డు రేకులు అదిరేలా గర్జించింది. ఎమిల్ చప్పట్లు కొడుతూ ఏదో అరిచాడు గానీ ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

ఇద్దరూ కారెక్కి నేరుగా ఆర్విల్ గేటు దగ్గరికి పోయారు. ముసలాయన కారు చుట్టూ తిరిగి చూసి, టోపీ తీసి, "నన్నొకసారి నడపనిస్తావా?" అన్నాడు. ఆ గొంతులో బెరుకు గమనించి ఆమె చటుక్కున దిగి తాళం ఇచ్చేసింది. ఆమె అటు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చోవాలి కదా, అందులో ఉన్న ఎమిల్ దిగి, సీటు ముందుకి వంచి, వెనక దూరేముందు బూట్ల మట్టి దులుపుకుంటూ ఆగాడు. ఈలోగా మార్లీన్ హుషారులో అతని సంగతే మరిచి, సీటు వెనక్కి లాక్కుని కూర్చోనే కూర్చుంది. ఆర్విల్ కాలు నొక్కాడు.

వెనక చక్రాలు కంకర చిమ్మాయి. కారు దూసుకుపోయింది.

"ఓరి దేవుడా, నా మొగుడు!" అంది మార్లీన్, నవ్వు ఆపుకోలేక.

"మలుపు దాకా పోయొచ్చి ఎక్కించుకుందాంలేమ్మా," అన్నాడు ఆర్విల్, ఇంకాస్త నొక్కుతూ.

దుమ్ములో ఎమిల్ రెండు చేతులూ ఊపుతూ వాళ్ల వెనక పరిగెడుతున్నాడు.