చార్జి లిస్టులో లేని పుస్తకం

నేను ఒక నోటుపుస్తకాన్ని. నీలం అట్ట, రెండు వందల పేజీలు. ఆఫీసు లెక్క ప్రకారం మాత్రం నేను లేనే లేను.

మా మునిసిపాలిటీకి ఏఐ వచ్చింది. ఊరివాళ్లు ఫోన్లో ఫొటో పంపితే, ఇది చెత్త, ఇది గుంత, ఇది మురుగు పారే మోరి అని ఏరి ఆ ఫిర్యాదును తగిన సెక్షన్‌కు పంపుతుంది. ఏమీ లేదనుకుంటే తనే మూసేస్తుంది. అబ్బో, ఎంత సంబరం! కొబ్బరికాయ కొట్టి కంప్యూటరుకు దండ కూడా వేశారు. దానికి ఏం తెలియదో రాసిపెడదామని మాత్రం ఎవరికీ తోచలేదు, ఒక్క శానిటరీ ఇన్‌స్పెక్టర్ జయమణికి తప్ప. ఆమే నన్ను సొంతంగా కొనుక్కొచ్చింది. ఏఐ బోల్తా పడ్డ ప్రతిసారీ స్వయంగా వెళ్లి చూసొచ్చి నాలో రాసింది. పదిహేడో పేజీలో ఇలా ఉంది: ‘పోశవ్వ గడప ముందు మోరి మీద బండ లేదు. వాన నీళ్లు నిండితే మిషన్ రోడ్డు అనుకుంటుంది. ఫొటో నమ్మొద్దు. మనిషిని పంపాలి.’

బండ పడకముందే జయమణికి బదిలీ అయింది. వెళ్తూ ఆమె అప్పగించాల్సిన వస్తువుల చార్జి లిస్టులో కాలు విరిగిన కుర్చీ ఉంది, ఖాళీ ఫినాయిల్ డబ్బాలున్నాయి. నేను లేను.

“స్టాకుల లేనిది నేనెట్ల తీసుకుంట మేడం? రేపు ఆడిట్ల అడిగితే?” అన్నాడు కొత్తగా వచ్చిన సారు.

“తీస్కోకుండ్రి సార్, ఒక్కసారి చదువుండ్రి” అని బతిమాలి, ఆమె నన్ను బల్లమీదే వదిలి వెళ్లింది.

చదివాడా? నా మొహం! ఆ నెలలోనే హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఏఐతో వచ్చిన అనుభవాలను ఎలా భద్రపరచాలో రెండు గంటలు దంచాడు. మా సారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, చాయ్ గ్లాసు తెచ్చి నా మీద పెట్టాడు.

వానలు మొదలయ్యాయి. ఆకుకూరలమ్ముకునే పోశవ్వ గంపతో సహా ఆఫీసుకొచ్చింది.

“సారూ, పక్కింటోళ్లతోని ఫొటో పంపిచ్చిన. నీళ్ల కింద మోరి నోరు తెర్సుకోని ఉంది. జెర బండ ఎయ్యుండ్రి.”

సారు కంప్యూటరు తెర చూశాడు. “రోడ్డు మంచిగనే ఉన్నదని మూసేసింది అవ్వా.”

“నా ఇంటి ముంగట ఏమున్నదో నాకు తెల్వదా?”

“ఏఐ కంటె నీకే ఎక్కువ తెలుసా?” అని నవ్వాడు. ఛీ! నాకు నోరుంటే అప్పుడే కడిగిపారేసేదాన్ని.

నాలుగో నాడు పోశవ్వ ఆ మోరిలోనే పడింది. తుంటి ఎముక విరిగింది. ఇక నడవలేదన్నారు డాక్టర్లు.

విచారణకు పెద్దాఫీసరు వచ్చాడు. “మిషన్ గిట్ల చేస్తదని ఎవ్వరికి తెల్వది సార్” అన్నాడు సారు, చేతులు నలుపుకుంటూ. ఆఫీసరు తలూపి తెల్లకాగితం తీశాడు. బల్ల గరుకుగా ఉందని అడుగున నన్ను పెట్టుకున్నాడు. ‘ఇటువంటి పొరపాటు జరుగుతుందని కార్యాలయంలో ఎవరికీ ముందుగా తెలియదు’ అని నొక్కి నొక్కి రాశాడు. ఆ అక్షరాలన్నీ నా అట్ట మీద అచ్చుపడ్డాయి.