చమురు చేరే రోజు

యుద్ధనౌకలు కావాలని అందరూ ఎగబడతారు. విమానాల కోసమైతే కొట్టుకుంటారు. చమురు ఓడలు మాత్రం ఎవరికీ వద్దు. ఎనిమిది నెలల క్రితం మా జట్టులో పనులు పంచుకున్నప్పుడు అవి నా నెత్తిన పడ్డాయి.

"డిపోలో డీజిల్ లారీలు పంపేది నువ్వేగా! నీకిది మంచినీళ్ళు తాగినంత తేలిక," అన్నాడు మా అక్క మొగుడు. ఆయనే మా అడ్మిరల్. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చడం చేతకాదు గానీ, సముద్రం మీద మాత్రం ఆయన మాటకు తిరుగులేదు.

మేమాడే నౌకాయుద్ధం ఆటలో సముద్రమంటే ఒక ప్రింటింగ్ ప్రెస్ మేడ మీద మూడు గదులు, ఒక సామాన్ల కొట్టు. నడిమి గదిలో బల్లంత పటం, దాని నిండా గళ్ళు, చెక్క ఓడలు. అక్కడ అంపైరు కూర్చుంటారు, లెక్కల మాస్టారు. ఇటు గదిలో నేనూ, విమానాలు చూసుకునే బైకు మెకానిక్కూ. అటు గదిలో శత్రువులు, అంటే మా వీధి పళ్ళ డాక్టరూ ఆయన ఇద్దరు తమ్ముళ్ళూ. అడ్మిరల్ ఓడలో ఉన్నట్టు లెక్క కాబట్టి మా బావ సామాన్ల కొట్టులో ఒంటరిగా కూర్చోవాలి. ఆజ్ఞ రాసిచ్చేదాకా మేము ఆయనతో మాట్లాడకూడదు. పొద్దున్నే మేమిచ్చిన కాగితాలు చూసుకుని ఆయన నౌకల్ని నడుపుకోవాలి. ఒక్కో ఆజ్ఞకీ సముద్రం మీద ఒక్కో రోజు గడిచినట్టు లెక్క.

ఈ డాక్టరు చేతిలో బావ వరసగా ఐదుసార్లు ఓడిపోయాడు. పోయినేడు బావ ఆయన దగ్గర పన్ను పీకించుకుంటుంటే, నోరు తెరిచి ఉన్న మనిషికి ఆ ఓటములన్నీ డాక్టరు పూసగుచ్చినట్టు చెప్పాడట. వచ్చే నెల ప్రెస్సు యజమాని ఈ మేడ మీద కొత్త యంత్రం పెడుతున్నాడు. అంటే ఇదే ఆఖరి ఆట. ఈసారి గెలవకపోతే ఇక గెలవడమన్నది లేదని బావ అక్కతో నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ నవ్వు అక్కకి నచ్చలేదు.

ఆ ఆదివారం భోజనాలయ్యాక మాస్టారు నాకొక చీటీ ఇచ్చారు. 'మీ చమురు ఓడలు ఈ రోజు రేవు నుంచి బయల్దేరాయి. యుద్ధనౌకల్ని కలుసుకునే చోటుకి రెండు రోజుల ప్రయాణం.'

నేను బావకిచ్చిన కాగితం నకలు తీసి చూశాను. 'చేరే రోజు' అన్న గడిలో ఈ రోజు తేదీయే ఉంది.

తప్పెక్కడ జరిగిందో చూడగానే తెలిసింది. మా డిపోలో లారీ గేటు దాటి చలానా మీద ముద్ర పడిందంటే సరుకు చేరినట్టే రాసేస్తాం. దారిలో ఉన్న చమురుకి మా పుస్తకంలో గడే లేదు. పన్నెండేళ్ళుగా అలా రాసి రాసి, చేయి దాని మానాన అది రాసుకుపోయింది.

బావేమో అక్కడ చమురు సిద్ధంగా ఉందనుకుంటున్నాడు. పూర్తి వేగంతో వెళితే మూడు రోజుల చమురు ఒక్క రోజులో తగలబడిపోతుంది. రేపటికల్లా దాదాపు ఖాళీ ట్యాంకులతో అక్కడికి చేరతాడు. అక్కడ ఏముంటుంది? నీళ్ళు. మెల్లగా వెళితే ఎల్లుండికి చేరతాడు, కడుపులో కాస్త చమురూ మిగులుతుంది. నాలుగింటికి ఆయన ఆజ్ఞ రాసిచ్చేస్తాడు. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

"రేడియో చీటీ పంపొచ్చు," అన్నాను.

"పంపితే మాస్టారు అన్ని గుమ్మాల దగ్గరా చదువుతారక్కా. డాక్టరు కూడా వింటాడు. చమురు లేదని తెలిస్తే రాబందులా వచ్చి పడడూ?" అన్నాడు మెకానిక్. తర్వాత గొంతు తగ్గించాడు. "జలాంతర్గామి కనపడిందని రాసి చమురు ఓడల్ని వెనక్కి పిలిచెయ్. చమురు అందకపోతే ఆ పాపం శత్రువుదవుతుంది. నీ తప్పని ఎవడికి తెలుస్తుంది?"

సిగ్గు విడిచి చెబుతున్నాను, పెన్ను తీశాను కూడా. ఓడలు వెనక్కి అని సగం రాశాను. రాస్తుంటే బావ ఆ కొట్టులో పాత కాగితాల కట్టల మధ్య కూర్చుని స్కేలు పెట్టి గీతలు గీసుకుంటున్నట్టు నా కళ్ళ ముందు మెదిలాడు. నా పరువు దక్కుతుంది సరే, ఆయన నడిసముద్రంలో ఆగిపోతాడు. ఆ కాగితం చింపేసి, ఇంకోటి రాసి, మనసు మారకముందే మాస్టారి చేతిలో పెట్టాను.

మాస్టారు ఒక్కో గుమ్మం దగ్గరా నిలబడి పాఠం చెప్పినట్టు చదివారు. "స్థావరం నుంచి అడ్మిరల్‌కి. చేరే రోజు తప్పు రాశాను. చమురు ఎల్లుండి గాని రాదు. నెమ్మదిగా రండి."

అటు గదిలో కుర్చీలు కదిలాయి. డాక్టరు తమ్ముడొకడు ఈల వేశాడు. సామాన్ల కొట్టు గుమ్మం దగ్గర మాస్టారు దాన్ని రెండోసారి చదివారు. తర్వాత బావ నవ్వు వినిపించింది. ఏడవలేక నవ్వుతున్నాడనుకుని నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ అరగంటా గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. "కూర్చోక్కా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అని మెకానిక్ విసుక్కున్నాడు.

నాలుగయింది. ఆజ్ఞలు మాస్టారి చేతికి వెళ్ళాయి, తలుపులు తెరిచారు. బావ నేరుగా నా దగ్గరికొచ్చాడు. ముఖం చాటంత అయింది.

"ఎరంటే అదీ, మరదలా!" అన్నాడు నా చెవిలో. "మన దగ్గర చమురు లేదని డాక్టరు నమ్మేసుంటాడు. ఎగేసుకుంటూ వస్తాడు చూడు. మనం ట్యాంకులు నింపుకుని వాడికోసం కాచుక్కూర్చుంటాం. ఇంత బుర్ర నీకెక్కడిది?"

"బావా, అది ఎర కాదు."

"ఊ?"

"నిజంగానే తప్పు రాశాను. చమురు ఎల్లుండి వస్తుంది."

నవ్వు ఆయన ముఖం మీంచి వెంటనే పోలేదు. ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అక్కడే ఉంది. అప్పటికే మాస్టారు పటం దగ్గర ఆయన ఆజ్ఞ చదువుతున్నారు. "పూర్తి వేగం. అన్ని నౌకలూ."

"చీటీ రెండుసార్లు విన్నాను," అన్నాడు బావ. "మాస్టార్ని మళ్ళీ చదవమన్నాను. నువ్వు తప్పు రాయవు కదా, అందుకని..."

"తిట్టండి బావా," అన్నాను.

మాస్టారు మా చెక్క నౌకల్ని ఖాళీ గడిలోకి నెట్టారు. డాక్టరు నౌకలు మూడు వైపుల నుంచీ దగ్గరికి జరిగాయి. బావ కుర్చీ లాక్కుని నా పక్కన కూలబడ్డాడు.

"రేపు మనవి ఎన్ని కదులుతాయి?"

నేను లెక్క వేశాను. "మూడే," అన్నాను.

బావ తలూపాడు. తర్వాత పెన్సిల్ తీసుకుని, ఎనిమిది నెలల్లో మొదటిసారి, నా అంకెల్ని పైనుంచి ఒక్కొక్కటే మళ్ళీ కూడుకుంటూ వచ్చాడు.