నీలం డ్రమ్ము

మా పెరడంటే నాకు అసహ్యం. మొక్కలేం పాపం చేశాయి గానీ, వాటిని చూపించుకుని మా ఇంట్లో వాళ్లు పోయే మురిపెం నాకు పడదు.

నేను నెల తప్పానని తెలిసిన రోజే దుబాయిలో ఉన్న మా ఆయన రాకేశ్ ఫోన్‌లో హుకుం జారీ చేశాడు. "దీపికకు బజారు కూరగాయలు బంద్ బాపూ. అన్నీ ఇంట్లనే పండియ్యాలె. ఒక్క చుక్క మందు గూడ వద్దు."

మా మామ హనుమండ్లుకు ఆ మాట చాలు. లక్సెట్టిపేట అవతల పత్తి చేనుకు మందు కొట్టీ కొట్టీ విసిగిపోయిన మనిషి, పెరట్లో మాత్రం బెండ, టమాట, పాలకూర వేసి పసిపిల్లల్లా చూసుకున్నాడు. నీలం డ్రమ్ములో పెండ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి జీవామృతం పెట్టాడు. పొద్దున లేస్తే దాన్ని కర్రతో తిప్పడం, మొక్కలకు పొయ్యడం, వచ్చిన వాళ్లందరికీ చూపించడం. అదే పని.

పెండ కంపు నాకు కొత్త కాదు. మా తల్లిగారింట్లో గొడ్ల కొట్టం పక్కనే పెరిగాను. కానీ ఈ కంపు కింద ఇంకో వాసన ఉంది. గొంతులోకి దిగి అక్కడే కూర్చునే వాసన. బెండకాయ కోసినా అదే, టమాట కడిగినా అదే.

"అత్తమ్మా, కూర మందు వాసనొస్తంది" అన్నాను ఒకరోజు.

అత్త రామవ్వ నవ్వింది. "ఏవిళ్లు బిడ్డా. నాకైతే అన్నం ఉడుకుతుంటెనే కక్కొచ్చేది."

ఇక అదే జవాబు. ముద్ద మింగలేకపోతే ఏవిళ్లు. కక్కితే ఏవిళ్లు. పక్కింటి జమునక్క ముందు కూడా "మా కోడలి ముక్కుకు పూలు గూడ గబ్బే" అని అత్త నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కడుపులో బిడ్డ నాది, ముక్కు నాది, ఆ ముక్కు మీద నమ్మకం మాత్రం ఎవరికీ లేదు. నేను మింగిందే గదా బిడ్డకు పోయేది. రాకేశ్ అయితే ఫోన్‌లో కోపం చేశాడు. "బాపు గంత కష్టపడి పండిస్తుంటె నకరాలు జేస్తవా?"

నిన్న డ్రమ్ము పక్కన బట్టలు ఆరేస్తూ దాని అంచు చూశాను. విరిగిన చోట ఎర్ర తీగతో కట్టి ఉంది. ఆ తీగను నేనెరుగుదును. పోయిన వానకాలం చేనుకు సద్ది తీసుకపోయినప్పుడు, మామ ఆ డ్రమ్ములోనే పురుగుల మందు కలుపుతున్నాడు.

"మామా, గిది పత్తి మందు డ్రమ్మే గదా?"

"అదే బిడ్డా" అన్నాడు ఏమాత్రం తడబడకుండా. "సర్ఫేసి రుద్ది కడిగిన, ఎండకు పెట్టిన. బంగారమసొంటి డ్రమ్ము, ఎట్ల పారేస్తం?"

ఆయనది దొంగబుద్ధి కాదు. మా దిక్కు మందు డబ్బాలు ఎవరూ పారెయ్యరు. కడిగి నీళ్లు పట్టుకుంటారు, గింజలు పోసుకుంటారు. అది తెలిసీ నాకు అసహ్యం ఆగలేదు. మందు లేని తిండి అని, మందు డ్రమ్ములో కలిపి, నాకు బతిమాలి మరీ తినిపించారు.

ఈ పొద్దున ఆ జీవామృతమంతా గోడ అవతల పారబోశాను. అత్త లబోదిబోమంది. మామ చూస్తుండగానే సర్ఫు వేసి డ్రమ్మును రుద్ది కడిగాను. మంచినీళ్లు నింపి, మూత పెట్టి ఎండలో వదిలాను. మధ్యాహ్నం అన్నాలు కాకముందే రాకేశ్‌కు వీడియో కాల్ చేసి, ఫోన్ అరుగు మీద నిలబెట్టాను. పెండ లేని ఉత్త నీళ్లు గ్లాసుతో ముంచి మామకిచ్చాను.

"మీరు కడిగినట్టే కడిగిన. తాగుండ్రి మామా."

తాగబోతే చెయ్యి పట్టుకుని ఆపుదామని దగ్గరే నిలబడ్డాను. అవసరం పడలేదు. గ్లాసు మీసాల దాకా పోయి ఆగింది. మామ మొహం వికారంగా ముడుచుకుపోయింది. గ్లాసు దూరంగా పెట్టి పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"ఏమైంది బాపూ? తాగుతలేవేంది?" ఫోన్‌లోంచి రాకేశ్.

మామ కండువాతో ముక్కు మూసుకున్నాడు.

"మీకు గూడ ఏవిళ్లొచ్చినయా మామా?" అన్నాను.

అత్త లోపలికి పోయి పొయ్యి మీది బెండకాయ కూర తెచ్చింది. కోళ్లు ఉరికొచ్చాయి. "హుష్, దీన్ల మూతి పెట్టకుండ్రి" అని వాటిని అదిలించి, పెరటి మూలన గుంత తవ్వి కూరంతా పూడ్చిపెట్టింది.

పొద్దున నాకు వడ్డించిన కూరే అది.