జపమాల మధ్యలో మోగిన ఫోన్

సాయంత్రం ఆరున్నరకి ఔసేప్పచ్చన్ ఇంట్లో ప్లగ్గులు పీకడం మొదలవుతుంది. ముందు టీవీ, తర్వాత మిక్సీ, ఫ్రిజ్, చివరికి హాల్లో గోడకున్న ఇంటర్నెట్ పెట్టె. పీకిన తీగల్ని చుట్టచుట్టి గోడకి దూరంగా పడేస్తాడు. ఆ తర్వాతే మేరీమాత పటం ముందు కొవ్వొత్తి, జపమాల. అక్టోబరులో పడే తులామాసపు వానల్లో ఏలకుల కొండల మీద పిడుగులు ఎలా పడతాయో తెలిసినవాళ్లెవరూ ఆయన్ని తప్పుపట్టరు. ఒకసారి టీవీ కాలింది, దాని వెనక గోడ నెర్రెలిచ్చింది. కానీ ఆకాశం తేటగా ఉన్న రోజు కూడా, ఫ్రిజ్‌ని వదిలేస్తాడు గానీ పెట్టెని వదలడు. రాత్రిపూట ఇంటర్నెట్ ఎవరికి కావాలి అంటాడు. మళ్లీ పొద్దున పాలు లేని కట్టంకాపీ తాగాకే దానికి ప్రాణం.

కోడలు లిన్సీకి ఆ నాలుగో ప్లగ్గుతోనే పేచీ.

సిగ్నల్ అందని ఆ లోయలో సెల్ ఫోన్ బొమ్మతో సమానం. ఎవరితో మాట్లాడాలన్నా పెట్టె వెలుగుతుంటేనే, లేదంటే పెట్టె పక్కనున్న పాత నల్ల ఫోన్. పోయిన నెల ఒక రాత్రి, ఆమె పద్నాలుగు నెలల కూతురు ఎవ్లిన్‌కి జ్వరం ఎక్కి, కళ్లు తేలేసి కొయ్యబారిపోయింది. భర్త బిజోయ్ కింద ఏలకులు ఆరబెట్టే పొయ్యి దగ్గర రాత్రి పనిలో ఉన్నాడు. లిన్సీ ఫోన్ ఎత్తితే రాయిలా ఉంది. బిడ్డని భుజాన వేసుకుని వానలో కూడలి దాకా పరిగెత్తింది. జీపు దొరికేసరికి బిడ్డ తనంతట తానే తేరుకుంది. కానీ డాక్టరమ్మ చెప్పిన మాట లిన్సీ ఒంట్లోంచి పోలేదు. ఐదేళ్లొచ్చే దాకా ఏ జ్వరంలోనైనా ఆ మూర్ఛ మళ్లీ రావచ్చు. ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఒక్క క్షణం ఆగొద్దు.

జీపు డ్రైవరుకి ఫోన్ చెయ్యడానికి ఒక నిమిషం, వాడు పైకి రావడానికి ఇరవై. ఈ లెక్క ఆమె పాలు కాస్తూ వేసుకుంటుంది, బట్టలు ఉతుకుతూ వేసుకుంటుంది.

"ఆ రాత్రి ఎక్కడో లైను తెగుంటుంది," అన్నాడు ఔసేప్పచ్చన్. టెలిఫోన్ శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు లైన్‌మన్‌గా చేసినవాడు. "ఫోన్‌కి మన కరెంటుతో పనేంటి? దాని కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచి వస్తుంది. ఊరంతా చీకటైనా నా ఫోన్లు మోగేవి."

పక్కింటికి లైను వెయ్యడానికొచ్చిన రఘూత్తమన్‌ని లిన్సీ కంచె దగ్గర పట్టుకుని అడిగింది.

"ఆ రాగి తీగలు మేమే తీసేశాం కదా చెల్లీ. ఇప్పుడున్నది గాజు తీగ. అందులో వెలుగే వస్తుంది, కరెంటు రాదు. పెట్టె ఆరితే ఫోన్ చచ్చినట్టే."

"ఆ ముక్క మా మామగారితో చెప్పవా."

"నాకు స్తంభం ఎక్కడం నేర్పింది ఆయనే. చెప్తే నా వీపు పగులుతుంది. నువ్వు చెప్పుకో."

"మరి పిడుగు సంగతో?"

"గాజులోంచి రాదు. ప్లగ్గులోంచి రావచ్చు. ఆ విషయంలో ముసలాయన మాట నిజమే." అతను వసారాలో ఉన్న, తోటకి మందు కొట్టే యంత్రం వైపు చూశాడు. దాని లోపలి బ్యాటరీ, ఆ పెట్టె అడిగే కరెంటు ఒకటే కొలత. పాడైన చార్జరు తీగ కోసి, ఒక చివర బ్యాటరీకి తగిలేలా కట్టిచ్చాడు. ఏ కొస ఎటో మరిచిపోకుండా లిన్సీ బ్యాటరీ ఎర్ర మొనకి తగిలే కొసకి ఎర్ర గోళ్ల రంగు పూసింది.

మూడు రోజుల తర్వాత సాయంత్రం ఎవ్లిన్ ఒళ్లు వెచ్చబడింది. తూర్పు కొండల వెనక ఉరిమింది. ఔసేప్పచ్చన్ టీవీ, మిక్సీ, ఫ్రిజ్ ముగించి పెట్టె దగ్గరికొచ్చాడు. బిడ్డని చంకనేసుకుని లిన్సీ అడ్డం నిలబడింది.

"అప్పచ్చా, ముందొక మాట."

"ఉరుము వినపడలేదా?"

"వినపడింది. పాపకి జ్వరం వస్తోంది."

"వస్తే ఫోన్ ఉంది."

"పెట్టె ఆపితే ఫోన్ లేదు."

ఆయన నవ్వి భార్య మరియక్కుట్టి వైపు తిరిగాడు. "విన్నావా? పదకొండో తరగతి సగంలో మానేసిన పిల్ల నాకు లైను పాఠం చెప్తోంది."

"నేను మానలేదు. పెళ్లికి తొందరపెట్టి మాన్పించింది మీరే. పీకండి. పీకి, ఫోన్ ఎత్తి వినండి. చెవి దగ్గర పెట్టుకుంటే లైను బతికుందో లేదో తెలుస్తుందంటారుగా."

ఆయన ప్లగ్గు పీకాడు. ఫోన్ మాత్రం ఎత్తలేదు. "నాకు పరీక్ష పెడుతున్నావా?"

"మీకు కాదు, ఫోన్‌కి."

ఎత్తింది మరియక్కుట్టి. కొవ్వొత్తి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చెవికి ఆనించుకుంది. "ఏం లేదు," అంది. "పాడుబడ్డ బావిలా ఉంది."

ఔసేప్పచ్చన్ లాక్కున్నాడు. విన్నాడు. మీట రెండుసార్లు టకటకమనిపించి మళ్లీ విన్నాడు. "ఎక్కడో తెగింది," అన్నాడు గానీ ఆ మాటలో పస లేదు.

లిన్సీ బిడ్డని అత్తకి ఇచ్చి, బల్ల కింద దాచిన బ్యాటరీ బయటికి లాగింది. తీగ రెండో చివర పెట్టెకి గుచ్చింది. ఎర్ర కొస ఎర్రదానికి, నల్ల కొస నల్లదానికి. పెట్టెలో ఒక దీపం వెలిగింది. రెండోది వెలిగింది. మూడోది మిణుకుమిణుకుమంటూ ఎంతకీ నిలబడలేదు. ఈసారి ఉరుము దగ్గరగా వచ్చింది. అప్పుడు మూడో దీపం పచ్చగా నిలిచింది. ఆయన చెవి దగ్గరున్న ఫోన్లోంచి సన్నటి మోత గదంతా వినపడింది.

ఆయన ఫోన్ పెట్టేసి బ్యాటరీ వైపు చూశాడు. "రేపు తోటకి మందు దేంతో కొట్టాలి?"

"పొద్దున్నే చార్జింగ్ పెడతాను. పది తర్వాత కొట్టుకోండి. పగలు మీది, రాత్రి నాది. ఇవాళ ఒక్కరోజు కాదు, పాపకి ఐదేళ్లొచ్చే దాకా."

"ఇది నా ఇల్లు."

"పాపది కూడా. మీరు తీస్తే నేను పెడతాను. మళ్లీ తీస్తే మళ్లీ పెడతాను. తొమ్మిదైనా మీ ప్రార్థన మొదలవదు."

ఆయన పెట్టె వైపు చెయ్యి చాచాడు. ఆమె కదల్లేదు. ఆ చెయ్యి కాస్త పక్కకి జరిగి, మేకుకి వేలాడే జపమాల తీసుకుంది.

జపమాలలోని ఐదు దేవరహస్యాల్లో నాలుగోది నడుస్తుండగా కరెంటు పోయింది. కొవ్వొత్తి, మూడు పచ్చ దీపాలు మిగిలాయి. అప్పుడు ఫోన్ మోగింది.

ఆ ఇంట్లో జపమాల మధ్యలో ఎవరూ లేవరు. చుట్టాలొచ్చినా వసారాలో కూర్చుని ముగిసే దాకా ఆగాల్సిందే. లిన్సీ లేచింది. అవతల, ఏలకుల పొయ్యి దగ్గర్నుంచి బిజోయ్.

"మోగదనుకుంటూనే చేశాను. పాపకెలా ఉంది?"

"వెచ్చగానే ఉంది. మందు పట్టాను. జీపు డ్రైవరు అంటోచ్చన్‌ని ఇంట్లోనే ఉండమని చెప్పు. ఇకనుంచి రాత్రిళ్లు కూడా మోగుతుంది."

తిరిగొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఔసేప్పచ్చన్ బొటనవేలు ఆగిన పూస మీదే ఉంది.

"లైనులో గరగర ఉందా?" అన్నాడు కొవ్వొత్తిని చూస్తూ.

"లేదు. శుభ్రంగా ఉంది."

"రాగి అయితే ఈ వానకి గరగరమనేది." గొంతు సవరించుకున్నాడు. "నాలుగో రహస్యం, ఏడో పూస. కానివ్వండి."