కాల్ కట్టయ్యాక

“కెమెరా ముందర చీర భుజానేసుకోని నిలబడేది గూడా ఒగ పనేనా?” రోజుకొకసారి ఈ మాట అనకపోతే అత్త కదిరమ్మకు అన్నం సయించదు. పొద్దున్నించి ఐశ్వర్య ఇరవై చీరలు భుజాన వేసుకుంది, తీసింది, మడత పెట్టింది. ధర్మవరం పట్టును పెట్టెలో చూసి ఎవరూ కొనరు. కొంగు వెలుగులోకి రావాలి. బెంగుళూరు వాళ్ళు ఇంట్లోంచే చూసి కొనేలా బ్రౌజర్‌లో వీడియో కాల్ పేజీ రాసిందీ ఆమే. ధర చెప్పడానికి మొగుడు గోపాల్ దుకాణం నుంచి అదే కాల్‌లోకి వస్తాడు. హిందూపురంలో ఇంజినీరింగ్ చదివిన పెళ్ళాం జీతం లేకుండా దొరికింది గనక, “మా వెబ్‌సైటు” అని మీసం దువ్వుకుంటాడు.

ఆ మధ్యాహ్నం కాల్ కట్ చేసి, మేడగదిలో టీ గ్లాసుతో కూలబడిందో లేదో, గోపాల్ ఫోను.

“కాళ్ళు సాపుకోని టీ తాగింది చాల్లే. ఆ చీరలు మడతెయ్యి.”

ఎక్కడో దుకాణంలో ఉన్నవాడికి టీ సంగతి ఎలా తెలిసింది? ల్యాప్‌టాప్ వైపు చూసింది. కాల్ ముగిసినా కెమెరా దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. కోడ్ తెరిచి చూస్తే, కట్ నొక్కగానే కెమెరానూ మైకునూ ఆపమని తాను రాసిన రెండు వరుసలూ లేవు. కంప్యూటర్ సెంటరు సంజీవప్పతో తీయించాడన్నమాట. ఇప్పుడు కట్ నొక్కితే కొనేవాళ్ళు వెళ్ళిపోతారు, ఆమె తెర మీద బొమ్మ మాయమవుతుంది. గది మాత్రం గోపాల్‌కు కనబడుతూనే ఉంటుంది. ఆమె బట్టలు మార్చుకునేది ఆ గదిలోనే. ఒళ్ళు మండిపోయింది. అత్తకు చెబితే, “మొగుడే గదా చూసేది, పరాయోడా?” అంది.

అయితే ఆ మహా మేధావికి ఒక్క ముక్క తట్టలేదు. దుకాణంలో తెరిచిందీ అదే పేజీ. ఆపే వరుసలు తీసేస్తే ఆగకుండా పోయేది పెళ్ళాం కెమెరా ఒక్కటే కాదు. ఐశ్వర్య ఇక బట్టలు కింది గదిలో మార్చుకుని, మేడ మీద ల్యాప్‌టాప్‌లో దాగి ఉన్న గోపాల్ బొమ్మను తెరిచి మూడు రోజులు చూసింది. “దుకాణంలో ఊపిరాడదు, నీకేం తెలుసు” అనే మనిషి పదకొండుకు బోండాలు తిన్నాడు, ఫోనులో రమ్మీ ఆడాడు, నోరు తెరుచుకుని నిద్రపోయాడు, లేచి చెవిలో పుల్ల తిప్పుకుని దాన్ని వాసన చూశాడు. తొమ్మిదేళ్ళు భయపడింది ఈ మనిషికా! ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

నాలుగో రోజు రెండు వరుసలూ తిరిగి రాసి, సంజీవప్ప మళ్ళీ చెయ్యి పెట్టకుండా వెబ్‌సైటు పాస్‌వర్డ్ మార్చింది. మొదటి కాల్ అయ్యాక కట్ నొక్కింది. దీపం ఆరింది. నిమిషంలో ఫోను.

“ఏమైందే? ఏమీ కనపడ్లా.”

“నేనే ఆపేసినా. ఆడ నీ కెమెరా గూడా ఆగింది, చూసుకో.”

“అంటే... నన్ను చూస్తాంటివా? ఎన్నాళ్ళుగా?”

“మూడు దినాలు,” అంది ఐశ్వర్య, కుప్పగా ఉన్న చీరలను అలాగే వదిలేసి లేస్తూ. “అంతకు మించి చూసేకి నీ దగ్గర ఏముండాది?”