జాడీ కథ మోసిన శుభలేఖ

నేను ఒక శుభలేఖలో పావు ముక్కను. కాకినాడలోని ఒక చిన్న ప్రెస్సులో బంగారు రంగు వినాయకుడితో అచ్చయ్యాను. నాతో పుట్టినవన్నీ ఊళ్లు తిరిగి విందుకు మనుషుల్ని పోగేశాయి. నన్ను మాత్రం మూలలకు పసుపు రాసి దేవుడి మందిరంలో పెట్టారు. దేవుడు పెళ్లికి వచ్చాడో లేదో ఎవరూ అడగలేదు.

పెళ్లయ్యాక నా వీపు ఖాళీగా ఉన్న సంగతి కొత్త కోడలు వైదేహి కనిపెట్టింది. ఇంగ్లీషు టీచరు ఉద్యోగం కోసం ఆమె సోమవారం ఒక బడిలో పిల్లలకు మాదిరి పాఠం చెప్పాలి. గ్రీకు పురాణగాథల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాటలే పాఠం. మందిరం అరలో మిగిలిన శుభలేఖలతోపాటు నన్నూ తీసి కత్తిరించింది. ఒక ముక్క మీద అట్లాస్, ఇంకోదాని మీద ప్యానిక్. నా వంతుకు ‘పండోరాస్ బాక్స్’ వచ్చింది. భర్త భార్గవ్ నన్ను పైకెత్తి అర్థం అడిగేవాడు. ఆమె చెప్పబోయేది, అతను నవ్వేవాడు, ఆమె మరిచిపోయేది. కొత్త దంపతుల చదువు అలాగే ఉంటుంది కాబోలు.

ఆదివారం దీపం పెట్టబోయిన అత్తగారు సుభద్రమ్మ ఆగిపోయింది.

“అమ్మాయ్, ఇక్కడి శుభలేఖ ఏదీ?”

వైదేహి ముక్కల్ని ముందుపెట్టింది. “మిగిలినవాటిలోది అనుకున్నాను అత్తయ్యా.”

“దేవుడి దగ్గరిది కోసేశావా తల్లీ!” ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుంది. “ఇంతకీ దీని మీద ఏం రాశావు?”

“పండోరాస్ బాక్స్, అంటే పండోరా పెట్టె. సకల కష్టాలకూ మూలం అని అర్థం అత్తయ్యా.”

“వచ్చి నెల కాలేదు, అప్పుడే నా గురించి రాశావా?”

“అయ్యో, కాదత్తయ్యా! గ్రీకుల కథలో పండోరా అని ఒకావిడ. తెరవొద్దన్న జాడీ మూత తీసింది. రోగాలు, బాధలు అన్నీ లోకం మీద పడ్డాయి. అడుగున ఆశ ఒక్కటే మిగిలింది.”

“పెట్టె అని రాసి జాడీ అంటావేం?”

“పాత కథలో జాడీయేనట.”

“మరి మూతికి గుడ్డతో వాసెన కట్టొద్దూ? తీసినదాన్ని అంటారుగానీ, కట్టకుండా పెట్టినవాణ్ణి అనరేం?”

వైదేహి పకపకా నవ్వింది. అర్థాలు బట్టీపట్టడం అక్కడితో మానేసి మిగతా కథలన్నీ అత్తగారికి చెప్పింది. వింటూనే సుభద్రమ్మ, కత్తెర కోతతో నాకు కొత్తగా వచ్చిన మూలలకు కూడా పసుపు రాసింది.

“తీసుకెళ్లు. ఉద్యోగం లేకుండా వచ్చావో, ఊరుకోను.”

సోమవారం వైదేహి పాఠాన్ని జాడీతో మొదలుపెట్టింది. పిల్లలు నన్ను చేతులు మార్చుకున్నారు. ఒక పిల్ల తిరగేసి చదివింది.

“చి.ల.సౌ. వైదేహి! మిస్, ఇది మీ పెళ్లి కార్డా? మమ్మల్ని పిలవలేదేం?”

తరగతంతా గొల్లుమంది. మాదిరి పాఠం చెడిందనే అనుకున్నాను.

“తప్పే,” అంది వైదేహి. “లడ్డూలు రేపు తెస్తాను. ముందు ఆ జాడీలో ఏం మిగిలిందో చెప్పండి.”

ముప్పై గొంతులు చెప్పాయి. వెనక బెంచీలోంచి ప్రిన్సిపాల్ లేచింది.

“రేపు తొమ్మిదింటికల్లా రండి,” అంది. “లడ్డూలు స్టాఫ్ రూముకి కూడా కలిపి తెండి.”

ఇప్పుడు తరగతి గోడకు పిన్నుతో ఉన్నాను. పండోరా మాట బయటికి, పెళ్లికూతురి పేరు గోడ వైపుకు. గోడ దాన్ని తీరిగ్గా చదువుకుంటోంది.