వెంకట్రాజుగారి గ్రీన్ సాల్వెంట్

తాడేపల్లిగూడెంలోని ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ శాఖకు డాక్టర్ వెంకట్రాజు పెద్ద. 2006లో ఆయన హైదరాబాదులో రెండు రోజుల సెమినారుకు వెళ్ళి, మూడేళ్ళు చెప్పుకోవడానికి సరిపడా మాటలు మోసుకొచ్చారు. వాటిలో ముఖ్యమైన మాట 'అయానిక్ లిక్విడ్'. అది ఒక రకం ఉప్పే, కాకపోతే మామూలు వేడిలోనే ద్రవంగా ఉంటుంది. ఆవిరి కాదు, వాసన రాదు, తవుడు నూనె మిల్లుల్లో వాడే హెక్సేన్‌లా భగ్గున అంటుకోదు. అందుకని దానికి 'గ్రీన్ సాల్వెంట్', అంటే ప్రకృతికి హాని చెయ్యని ద్రావకం, అని పేరు. ఆ పేరు పట్టుకుని ఆయన ఒక ప్రాజెక్టు సంపాదించారు.

పని చేసింది మాత్రం స్టెల్లా. పెదపాడు అమ్మాయి, ఎమ్మెస్సీ చదివి ఆ ప్రాజెక్టులో ఉద్యోగానికి చేరింది. తండ్రి నిత్యానందం చేపల చెరువుల మీద పనిచేస్తాడు. రోజూ ఏలూరులో పాసింజరెక్కి వచ్చేది. తవుడు నూనె మడ్డిలోంచి ఒరైజనాల్ అనే విలువైన పదార్థాన్ని ఈ ద్రవంతో వేరు చేయాలి. కలిపి, కుదిపి, రెండు పొరలుగా విడిపోయేదాకా కాచుకుని, నాలుగు నెలల్లో సాధించింది. వెంకట్రాజుగారు పేపరువాళ్ళు వచ్చిన రోజు పొరలు విడదీసే కుళాయి గరాటు పట్టుకుని ఫొటో దిగారు. కింద కుళాయి తెరిచి ఉందని చూసుకోక సగం సరుకు బూట్ల మీద పోసుకున్నారు.

గాజుసామాను కడిగిన నీళ్ళు తూములో పోస్తూ ఉండగా స్టెల్లాకు అనుమానం వచ్చింది. ఈ పద్ధతి మిల్లులో పెడితే ఈ కడుగునీళ్ళు కాలవలో పడతాయి, కాలవ కొల్లేట్లో కలుస్తుంది. మర్నాడు బిందెలో శీలావతి చేపపిల్లల్ని తెచ్చి మూడు తొట్లలో వేసింది. రెండింట్లో ఆ ద్రవం వేర్వేరు మోతాదుల్లో కొద్దికొద్దిగా కలిపింది. సాయంత్రానికి ఆ రెండు తొట్లలోనూ చేపలు వెల్లకిలా తేలాయి. ఏ మోతాదుకు ఏ గంటకు చచ్చాయో ల్యాబు పుస్తకంలో రాసి గ్రాఫులు గీసింది.

"రైలు ప్రయాణానికి చచ్చుంటాయిలే అమ్మా," అన్నారు వెంకట్రాజుగారు.

"మూడో తొట్టిలోవి కూడా అదే రైల్లో వచ్చాయండి సార్."

"గ్రీన్ సాల్వెంటని అంత పెద్దవాళ్ళు రాశారు. వాళ్ళకంటే నీకు తెలుసా?"

"ఆవిరి కాదు కాబట్టి గాలికి మంచిదన్నారండి. నీళ్ళకు మంచిదని ఎవరూ అనలేదండి."

ఆయన తొట్లు తీయించేశారు.

వారం తిరక్కుండా నూనె మిల్లు యజమాని బుల్లిరాజు ఆ పద్ధతి తన మిల్లులో పెట్టే ఆలోచనతో వచ్చాడు. అతనికి కొల్లేటి వారన చేపల చెరువులూ ఉన్నాయి. వెంకట్రాజుగారు తన గదిలో కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యాసమిచ్చి, "మంచినీళ్ళతో సమానమండి," అని ముగించారు.

బుల్లిరాజు గుమ్మం దగ్గరున్న స్టెల్లాను అడిగాడు. "ఏమ్మా, చెరువులోకెళ్తే చేపలకేం కాదు కదా?"

"చచ్చిపోతాయండి," అంది స్టెల్లా.

వెంకట్రాజుగారు నవ్వేశారు. "చిన్నపిల్లండి, భయం ఎక్కువ."

బుల్లిరాజు గదంతా కలియజూశాడు. కిటికీ దగ్గర గాజు తొట్టిలో వెంకట్రాజుగారు ముచ్చటపడి కొనుక్కున్న బంగారు చేపలు తిరుగుతున్నాయి.

"పోనీ ఇందులో రెండు చెంచాలు పొయ్యండి మేస్టారూ. చూసేస్తే పోద్ది."

వెంకట్రాజుగారు లేచి తొట్టికి అడ్డంగా నిలబడ్డారు. "అబ్బే, ఇవి సున్నితమైన జాతండి. శాస్త్రీయంగా ఈ పరీక్ష చెల్లదండి."

"ఆయ్, అలాగేనండి," అని బుల్లిరాజు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ నెలాఖరున స్టెల్లా ఉద్యోగం పోయింది. ఆమె ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరరుగా చేరింది. వెంకట్రాజుగారు రాజీనామా లేఖ తనచేతే రాయించుకున్నందుకు చాలాకాలం రగిలిపోయింది.

2008లో విశాఖపట్నంలో కెమిస్ట్రీ సదస్సు జరుగుతుందని తెలిసి ఆమె సెలవు పెట్టి వెళ్ళింది. వక్తల్లో వెంకట్రాజుగారున్నారు. అంశం, 'చేపలపై అయానిక్ ద్రవాల విషప్రభావం'. తెర మీద ఆమె అంకెలే, ఆమె గీసిన గ్రాఫులే. ఆమె పేరు లేదు. జలచరాలను కాపాడటం తన జీవితాశయమని ఆయన గద్గదంగా చెప్పుకొచ్చారు.

"ఏ చేపల మీద చేశారండీ?" అని ముందు వరసలోంచి ఒకావిడ అడిగింది.

వెంకట్రాజుగారు తెర వైపు చూశారు. అక్కడ రాసిలేదు. "చిన్నచేపలండి," అన్నారు.

"ఎంత మోతాదులో?"

ఆయన కాగితాలు తిరగేశారు. వెనక వరసలో స్టెల్లా లేచి నిలబడింది. చేప జాతి, పొడవు, మోతాదు, చచ్చిన గంట, అన్నీ చెప్పింది. అధ్యక్షుడు ఆమెను వేదిక మీదికి పిలిచి మిగతా ప్రశ్నలకు ఆమెచేతే జవాబులు చెప్పించాడు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వెంకట్రాజుగారే. "మా స్టూడెంటేనండి, నేనే తయారుచేశాను," అని పక్క కుర్చీ ఆయనకు చెప్పుకుంటూ.